జానెడు తోక

కొత్త జలాంతర్గామి గొట్టంలోకి దూర్చిన క్షిపణి నమూనా తోక జానెడు బయటే ఉండిపోయింది. తలుపు పడలేదు.

“కొన్న ఇరవై క్షిపణులూ ఇదే పొడవు,” అన్నాడు కొనుగోలు అధికారి.

ఫోర్‌మన్ పకపకా నవ్వాడు. “ఏసీ గదుల్లో కూర్చుని కొంటే ఇంతే సార్! ముప్ఫై ఏళ్లుగా ఇలాంటి గొట్టాల్లో పాకుతున్నాను. నిద్రలో అడిగినా కొలతలు చెబుతాను, టేపు కూడా అక్కర్లేదు. ఇది కొలిచిన వెధవెవడో గానీ, వాడి తెలివి తెల్లారినట్టే ఉంది.”

“ఎవరూ కొలవలేదు.” అధికారి ఫైలు తెరిచి ముందుకు జరిపాడు. “మా గుమాస్తా టేపు పట్టుకుని వస్తే మీరే వెనక్కి పంపారట. మీరు నోటితో చెప్పిందే రాసుకున్నాడు.”

ఫోర్‌మన్ తొంగి చూశాడు. అంకె పాత జలాంతర్గామిది. కింద సంతకం తనది.

మొహం మీదున్న నవ్వును ఎలా దించుకోవాలో ఫోర్‌మన్‌కి తెలియలేదు.