తీసినవాడే రాయాలి

డెరిక్ చేతిలో వైర్ల లెక్క చూసే సాఫ్ట్‌వేర్లు రెండున్నాయి. మధ్యాహ్నంలోగా ఒకటి ఎంచి చెప్పకపోతే మాలూరు డేటా సెంటర్ పని చేజారుతుంది.

"చూడు నాయనా, ఏ వైరు యాడికి పోతాదో ఇది బొమ్మ గీసి చూపిస్తాది," అని మొదటిది తెరిచి తండ్రికి చూపించాడు.

గనిలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఆ తండ్రి, జేవియర్, లేచి, ట్రయల్ కోసం పెట్టిన మిషను వైరొకటి పీకేశాడు.

"అయ్యో, ఏం చేస్తివి!"

"బొమ్మలో వైరు అట్లే ఉండాదే?"

"ఆఫీసులో ఎవరైనా కూర్చుని రాస్తేనే కదప్పా దానికి తెలిసేది!"

"గనిలో దిగినోడు తన నంబరు బిళ్ల తానే బోర్డుకి తగిలించేది, పైకొచ్చి తానే తీసేది. ఆఫీసులో గుమాస్తా రాసుంటే, లోపల బండ పేలి కూలిననాడు మమ్మల్ని యాడని వెతుకుతారు?"

డెరిక్ రెండోది తెరిచాడు. బొమ్మ అందవికారం. కానీ వైరు పీకినవాడే అక్కడే నిలబడి ఫోనులో రాయొచ్చు.

దాని పేరే పంపాడు. మాలూరు పని దక్కింది. గని మూతపడ్డాక దేనికీ పనికిరాడనుకున్న తండ్రిలో ఒక మేస్త్రీ కూడా దక్కాడు.