ఏనుగు కాలిలో ఇనుము

చచ్చిపడిన ఏనుగును మా మరిది సిరొంకా బల్లెంతో ఇంకా పొడుస్తూనే ఉన్నాడు. వాడి మొహమంతా రక్తం చిమ్మింది.

"ఇక చాలించు. నా తూటాలకే అది పోయింది," అన్నాడు కెన్యాలోని మా అంబోసెలి జంతువుల పార్కు గార్డు.

"నీకేం, పోయింది మా అన్న. వదినా, నువ్వూ ఒక పోటు పొడువు."

నిన్న పొద్దున ఆ కాళ్ళ కిందే నా భర్త నలిగి చనిపోయాడు. అయినా నేను కదలలేదు.

గార్డు ఏనుగు వెనక కాలి మీద చీము పట్టిన పుండులో కత్తి దించి, విరిగిన బల్లెం మొన బయటికి లాగాడు.

"నెల నాటి గాయం. ఈ నొప్పితోనే మనుషుల మీద పడింది. ఎవరిదిది, టీచర్?" అని నన్నడిగాడు.

మొన మీద మా ఇంటి ఆవులకు వేసే వాత గుర్తే ఉంది. సిరొంకా చెయ్యి ఆగిపోయింది.

"నీళ్ళు తాగడానికొచ్చింది వదినా. స్నేహితులతో పందెం కాసి విసిరాను."

దగ్గరికొచ్చి తల వంచాడు. మాలో చిన్నవాళ్ళు అలా వంచితే పెద్దవాళ్ళు నడినెత్తిన అరచెయ్యి ఆనించాలి. నేను కాపురానికొచ్చిన నాటికి వాడికి ఆరేళ్ళు. ఆ రోజు నుంచీ ఆనిస్తూనే ఉన్నాను.

వాడు చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నా చెయ్యి లేవలేదు.