తాబేలు వేసిన బాట

బీడునేలలో జంతువులు కొత్త ఊరు కట్టుకుంటూ, వాగుకు బాట వేసే పని ముసలి తాబేలుకు అప్పగించాయి. అది ఆ దారంతా నడిచి, అక్కడక్కడా గానుగ మొక్కలు నాటింది.

"నాలుగు గంతుల దారికి ఇన్ని చెట్లా తాతా? చాదస్తం కాకపోతే," అంది పడుచు జింక. తాబేలు నవ్వి, నాటిన మొక్క మొదట్లోకి మన్ను ఎగదోసింది.

మూడేళ్లకు జింక తల్లయింది. మండుటెండలో వాగుకు తీసుకెళ్తుంటే కూన కాళ్లు తడబడి కూలబడింది. జింక గబుక్కున దాని మీదికి వంగింది. తీరా చూస్తే కూన పడింది గానుగ నీడలో. తేరుకుని కొంతదూరం నడిచి మళ్లీ కూలబడింది. అక్కడా నీడే.

వాగు ఒడ్డున తాబేలు కనబడగానే జింక తల వంచింది.

"నా బిడ్డ ఎక్కడ అలసిపోతుందో నీకు ముందే ఎలా తెలిసింది తాతా?"

"నాకేం తెలుసమ్మా. నేను అలసిపోయిన చోటల్లా ఒక మొక్క నాటానంతే."