ల్యాప్‌టాప్‌లో రెండో గది

“ఆ తిరిగే హార్డ్ డిస్కు వద్దు కదిర్. చెయ్యి జారిందంటే పెళ్లంతా నేలపాలు,” అంది యాళిని.

“జారితే కదా. నాలుగు టీబీల చోటు, పైగా సగం ధర. నువ్వు అడిగేదేమో చూయింగ్ గమ్ ముక్కంత ఉంది,” అన్నాడు కదిరవన్.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో మీరాన్ భాయ్ దుకాణం ముందు ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. వడపళనిలో పెళ్లయి వారం కూడా కాలేదు. ఒకే ఇంట్లో ఉండడం కొత్త. ఒకరి పద్ధతులు ఒకరికి ఇంకా అలవాటు కాలేదు. ఆ పొద్దున్నే కదిర్ కాఫీ యాళిని తాగేసింది. కదిర్ తన తడి తువ్వాలు తీసుకెళ్లి ఆమె కుర్చీ మీద ఆరేశాడు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. ఆ నవ్వు పోకూడదు.

తాళి కట్టే వేళ, మేళం హోరులో, పెళ్లికొడుకు కళ్లద్దాలు జారి పెళ్లికూతురి పూలదండలో చిక్కుకున్నాయి. రెండు చేతుల్లో తాళి, ముందున్నదేదీ కనబడదు. ఏం చేయాలో తెలియక అతను దిక్కులు చూస్తుంటే పెళ్లికూతురు మంటపం అదిరేలా నవ్వింది.

ఫొటోగ్రాఫర్ ఇళంగో పాటలు జోడించి ఇచ్చిన వీడియోలో ఆ నవ్వు లేదు.

“పెళ్లికూతురు అలా పగలబడి నవ్వితే బాగుండదని తీసేశాను,” అన్నాడు ఫోనులో. “కత్తిరించనిదంతా కావాలంటే ఎక్కించుకోవడానికి మీరే ఏదో ఒకటి తెచ్చుకోండి. రేపు కంచిలో ముహూర్తం. సాయంత్రం వ్యాను ఎక్కేలోపు నా దగ్గరున్నవన్నీ చెరిపేసుకోవాలి.”

యాళిని ల్యాప్‌టాప్‌లో వేలెడు చోటు లేదు. అందుకే ఈ పరుగు.

మీరాన్ భాయ్ టీ గ్లాసు పక్కన పెట్టి, ల్యాప్‌టాప్ బోర్లించి, మరలు విప్పాడు. అసలు డ్రైవ్ పక్కన చిన్న ఖాళీ కనబడింది.

“ఇదిగో తల్లీ, రెండో గది. ఇన్నాళ్లూ అద్దెకివ్వకుండా తాళం వేసి పెట్టావు.”

యాళిని ముఖం వెలిగిపోయింది. తన దగ్గర ఇంత చోటు ఉందని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. వంగి, అప్పుడే పుట్టిన పిల్లను చూసినట్టు చూసింది.

“ఇందులో ఆ చిన్న ఎస్‌ఎస్‌డీ ముక్క పెట్టేయండి భాయ్. ఒక టీబీ చాలు.”

“చాలదు,” అన్నాడు కదిర్. “అట్ట మీద ఒక టీబీ అని ఉంటుంది, లోపల పెట్టాక అంత చూపించదు. ఇళంగో చెప్పిన లెక్కకి అంచులు దాటి పొంగిపోతుంది. అందుకే పెద్ద డిస్కు అంటున్నాను.”

“పెద్దదే, కానీ నత్తనడక. అది ఎక్కించుకునేలోపు ఇళంగో కంచిలో ఇడ్లీ తింటుంటాడు.”

“ఇద్దరూ కరెక్టే తంబీ,” అన్నాడు భాయ్. “రెండు టీబీల ఎస్‌ఎస్‌డీ పెట్టుకోండి. కాకపోతే ఈ గదికి పొట్టి రకమే పడుతుంది. ఉందో లేదో చూడాలి.”

భాయ్ లోపలి అరల్లోకి దూరాడు. ఇద్దరూ మెడలు చాచి అటే చూస్తుండగా యాళిని ఫోను మోగింది.

“ఆ, చెప్పండి ఆంటీ…” అని నాలుక కరుచుకుంది. “అదే, అమ్మా. లేదమ్మా, ఇంకా తినలేదు. వచ్చేస్తాం. కదిర్ నా మీద అరవట్లేదు, నేనే అరుస్తున్నాను.”

ఫోను పెట్టేయగానే కదిర్ అందుకున్నాడు. “మా అమ్మని ఇంకెన్నాళ్లు ఆంటీ అంటావు?”

“నువ్వు మా నాన్నని సార్ అనడం మానేసే దాకా.”

భాయ్ దుమ్ము దులుపుతూ ఒక చిన్న అట్టపెట్టెతో వచ్చాడు. “ఇదొక్కటే మిగిలింది. మీకోసమే దాక్కున్నట్టుంది.”

ఇద్దరూ ఒకేసారి పర్సులు తీశారు.

“నా ల్యాప్‌టాప్, నేనిస్తాను.”

“ల్యాప్‌టాప్ నీదే. పెళ్లి మాత్రం మనింటిది,” అన్నాడు కదిర్. సగం సగం ఇచ్చుకున్నారు.

భాయ్ ఆ ముక్కను ఖాళీలోకి జరిపి, మర బిగించి, మూత వేశాడు. “జాగ్రత్తగా దాచుకోండి. రేపు పిల్లలు చూడాలి కదా పెళ్లి.”

యాళిని, కదిర్ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

“పిల్లలు చూడాలనే భాయ్ ఈ తిప్పలన్నీ,” అంది యాళిని.

కోడంబాక్కంలో ఇళంగో స్టూడియో ముందు వ్యానులోకి లైట్లు ఎక్కించేస్తున్నారు. “ఇప్పుడా రావడం? తిరిగే డిస్కు తెచ్చి ఉంటే అటునుంచి అటే వెళ్లిపొమ్మనేవాణ్ణి,” అని గొణుగుతూ ఇళంగో వైరు తగిలించాడు.

తెర మీద పచ్చ గీత పరిగెత్తడం మొదలుపెట్టింది. డ్రైవరు హారన్ కొట్టాడు. యాళిని గోళ్లు కొరికింది. డ్రైవరు మళ్లీ కొట్టాడు. కదిర్ వెళ్లి అతనికి రోజ్ మిల్క్ కొనిచ్చి బతిమాలి వచ్చాడు. అతను చివరి గుక్క తాగి గ్లాసు దించేసరికి గీత అవతలి అంచును తాకింది.

“ఒప్పుకుంటున్నాను. చూయింగ్ గమ్ ముక్కే గెలిచింది,” అన్నాడు కదిర్.

“ఇక్కడ కాదు, ఇంట్లో అందరి ముందూ చెప్పాలి.”

ఇంటికి వెళ్లేదాకా ఆగే ఓపిక ఇద్దరికీ లేదు. వ్యాను కదిలిపోగానే స్టూడియో మెట్ల మీదే కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఇయర్‌ఫోన్ చెరొకటి పెట్టుకున్నారు. యాళిని వెతికి వెతికి ఆ చోటు పట్టుకుంది. మేళం హోరెత్తింది. కళ్లద్దాలు జారాయి. అంత హోరునూ చీల్చుకుని ఆ నవ్వు గలగలా వచ్చింది.

కదిర్ శబ్దం పెంచాడు. “ఇంకోసారి,” అన్నాడు. యాళిని వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది.

తెర మీద యాళిని నాన్న, కదిర్ అమ్మ మెడలో తాళి కడుతున్నాడు.