పాకం చూసే ట్యాబ్

అనకాపల్లి చుట్టూ ప్రతి బెల్లం పెనం దగ్గరా ఇప్పుడొక ట్యాబ్ వేలాడుతోంది. ఆవిరిలోంచి పాకం చూసి, ఎప్పుడు దించాలో అదే చెబుతుంది.

నెల్లాళ్లు వాడాక, బట్టీ యజమానురాలు గౌరమ్మ పాకం మేస్త్రి పైడయ్యని అడిగింది. "తాతా, దీని గుణాలేటి, లోపాలేటి? రాసుకుంటాను."

"సెగకి బెదరదు. కునుకు తియ్యదు. నలభయ్యేళ్లు నాను నేర్సింది నాలుగు రోజుల్లో నేర్సీసింది. కానీ రుచెరగదు."

అంతలో ట్యాబ్ పలికింది. "మేస్త్రి గారూ, ఈ చెరకు ముంపులో సముద్రపు నీళ్లు తాగింది. ఈ పాకం నాకు తెలియదు. మీరే చూడండి."

పైడయ్య చన్నీళ్లలో పాకం చుక్క వేసి, అది ఉండకట్టగానే పెనం దించమన్నాడు. ఇన్నేళ్లలో ఎన్నో పెనాలు మాడబెట్టాడు గాని, తెలియదని తనెన్నడూ అనలేదు. తన గురువూ అనలేదు.

"తెలీదంది కదా, ఇది లోపాల్లో రాయనా, గుణాల్లో రాయనా?"

పైడయ్య ట్యాబ్‌కి దండం పెట్టాడు.

"నాకు తెల్దమ్మా," అన్నాడు, జీవితంలో మొదటిసారి.