ఐదు పాలికలు

పెండ్లి వారం ఉందనగా, ఐదు మట్టి పాలికల్లో నవధాన్యాలు మొలిపించే పని హైమ మెడకు చుట్టుకుంది.

"పాలికలు మొలిస్తేనే పెండ్లి. మొలవకపోతే వద్దని అయ్యవారు చెప్పేసినాడు," అంది వాసవాంబత్త. "మిద్దె మీద కుండీలన్నీ పెంచేది నువ్వే కదా, ఇవీ నువ్వే చూసుకో."

హైమకు ఆ పెండ్లి వద్దు. ఆ మాట వినే చెవి రాయపురంలోని ఆ ఇంట్లో లేదు. అత్తకొడుకు బాలసుందరం ఆమె ఎదురుపడితే చాలు, పేపరు అడ్డం పెట్టుకుంటాడు. నెల్లూరులో ఉన్న నాయనకు జాబు రాస్తే, "అత్త చెప్పినట్టు విను తల్లీ" అని కార్డుముక్క వచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇక మిగిలింది పాలికలే.

పాలిక అడుగున చిల్లు ఉంటుంది. దాని మీద పెంకుముక్క, పైన ఇసుక, ఆపైన పుట్టమన్ను. పోసిన నీళ్ళు చిల్లులోంచి కారిపోవాలి. నిలిస్తే గింజ కుళ్ళుతుంది. ఈ సంగతి హైమకు ఒకరు చెప్పాలా! ఐదు చిల్లులూ మైనంతో మూసేసింది. చెంబుతో నిండా నీళ్ళు పోసింది. పంతొమ్మిదివందల అరవై నాలుగు, అరవవాళ్ళ ఐప్పసి నెల, జోరు వానల కాలం. చాలదన్నట్టు పాలికల్ని వాన పడే చోటికి జరిపింది.

మూడో రోజు పొద్దున అత్త మిద్దె ఎక్కింది. వాసన చూసింది. ఒక పాలిక ఎత్తి అడుగు చూసింది.

అత్త అరవలేదు.

"ఏమే హైమా, నీ చేతిలో ఏదీ మొలవదని పేటంతా ముందే అంటా ఉండారు. అది నిజమని నువ్వే చూపిస్తావా?" అనేసి దిగిపోయింది.

హైమ ఆడనే కూలబడి ఏడ్చింది. పెండ్లి తప్పితే ఆ పేరు తప్పదు. పేరు తప్పితే పెండ్లి తప్పదు.

సాయంత్రానికి లేచింది. మైనం గీకేసింది. కుళ్ళిన గింజలు పారబోసి, కొత్తవి నానబెట్టింది. మర్నాడు పొడిమన్ను కలిపి చల్లి, వేళ్ళతో తడి చూసుకుంటూ నీళ్ళు చిలకరించింది.

పెండ్లినాటికి ఐదు పాలికలూ పచ్చగా నిండాయి.

"అబ్బా, ఏం చెయ్యమ్మా నీది!" అన్నారు వచ్చిన ఆడవాళ్ళంతా.

హైమకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. తలనిండా కనకాంబరాలు పెట్టుకుంది. మేళం మొదలుకాగానే పీటల దగ్గరికి నడిచింది.

ఏడేళ్ళుగా తన మొగుడైన బాలసుందరం పక్కన కొత్త పెండ్లికూతుర్ని కూర్చోబెట్టి, పక్కకు తప్పుకుంది.