వారంటీ మనిషి

ఆ రోజు ఇంట్లో నలుగురు ఉన్నారు.

మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని అమ్మ సుంకులమ్మ. వంటింట్లో వదిన సునంద. గడప దగ్గర ఫోను పట్టుకుని అన్న అశోక్. రాట్నం ముందు కండెలు చుడుతూ పద్మ.

నలుగురూ ఒకటే మాట చెప్పాలని అశోక్ పొద్దున్నే ఆర్డరు వేశాడు.

"కంపెనీ మనిషి వస్తాడంట. కారుకు ట్యూనింగ్ చేయించినారా అని అడుగుతాడు. లేదనాల. అంతే."

"అదేందో నాకు తెలిస్తే గదా సెప్పేకి," అంది సుంకులమ్మ.

"ఇంజిన్‌కు ఒక కంప్యూటర్ ఉంటుంది మా. దాంట్లో సెట్టింగ్ మార్పిస్తే బండి బాగా లాగుతుంది. మార్పించినామని తెలిస్తే వారంటీ పోతాది. ఇంజిన్ మనమే కొనుక్కోవాల."

"వాళ్లు సూస్తే కనపడదా?"

"షోరూములో ఇచ్చేకి ముందే పాత సెట్టింగ్ పెట్టించేసినా. ఎవనికీ తెలీదు."

మంత్రాలయం వచ్చే యాత్రికులను తిప్పే కారు అది. మగ్గం మీద వచ్చేది కూరగాయలకే సరి, ఇంటికి ఆధారం ఆ కారే. ఆస్పరి నుంచి వస్తుంటే దారిలో ఇంజిన్ పట్టేసింది. ఇప్పుడు ఆదోని షోరూములో పడి ఉంది.

ఆయన మధ్యాహ్నం వచ్చాడు. తెల్ల చొక్కా, చంకలో ఫైలు, చెప్పుల నిండా దుమ్ము.

"అశోక్ అంటే నువ్వేనాప్పా? కారు సంగతి మాట్లాడదామని ఆదోని నుంచి వచ్చినా. నా పేరు ఉరుకుందప్ప. నాది కూడా..."

"తెలుసులే సార్. అడిగేది అడుగు."

ఎవరూ కూర్చోమనలేదు. నీళ్లు తేబోతున్న సునందను అశోక్ కళ్లతోనే ఆపాడు.

ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఒకే మాట అడుగుతా. ట్యూనింగ్ ఏమన్నా చేయించినావా?"

"లేదు."

"బాగా ఆలోచించుకుని సెప్పప్పా. చేయించింటే చేయించినా అను. నేనేమీ అనుకోను. నాకు నిజం కావాల."

"లేదంటాండా గదా." అశోక్ గొంతు పెరిగింది.

సుంకులమ్మ నేత ఆపింది.

"మమ్మల్ని నమ్మకుంటే మా పిల్లను అడుగు. నోట్లో నాలుక లేనిది. పద్మా, లేసి రా. మగ్గం మీద చెయ్యి పెట్టి సెప్పు."

మగ్గం మీద చెయ్యి పెట్టి ఆ ఇంట్లో ఎవరూ అబద్ధం ఆడరు. తాతల నాటి నుంచీ అంతే. చీరలు కొనే సేట్లు కూడా ఆ మాట తర్వాత ఇంకో మాట అడగరు.

పద్మ లేచింది. అమ్మను చూసింది. అన్నను చూసింది. మగ్గం మీద చెయ్యి పెట్టింది.

"చేయించలేదు."

ఆయన ముఖం విప్పారింది.

"మా అమ్మ పుట్టిల్లు కూడా నేసేటోళ్ల ఇల్లే తల్లీ. ఇంక నేనేమీ అడగను." అశోక్ వైపు తిరిగాడు. "ధైర్యంగా ఉండప్పా. ఇంజిన్ సంగతి నేను మాట్లాడతా. ఆదోనికొస్తే మా ఇంటికి రా. పాత బస్టాండు వెనక సందు."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి అశోక్ నవ్వాడు.

"ఇంటికి రమ్మంటాండాడు, సూసినారా? చెయ్యి తడపమని."

"తెల్ల చొక్కా ఏసుకున్నోళ్లంతా అంతే," అంది సుంకులమ్మ.

సునంద మెల్లగా అంది. "ఆ చెయ్యేదో మీరే పెట్టింటే అయిపోయేది గదత్తా. పిల్లతో ఎందుకు పెట్టించినారు?"

సుంకులమ్మ తెగిన పోగు అతుకుతూ కూర్చుంది.

"నేను దినామూ దీని మీదనే కూర్చోవాల," అంది తల ఎత్తకుండానే.

పద్మ ఆ రోజు మళ్లీ కండెలు ముట్టలేదు.

వారం తిరక్కుండానే షోరూము నుంచి ఫోన్ వచ్చింది. కారు కంప్యూటర్‌ను లోతుగా చూశారట. పాత సెట్టింగ్ తిరిగి పెట్టినా, మధ్యలో మార్చిన గుర్తు అందులో అలాగే ఉందట. వారంటీ రాదన్నారు.

అశోక్ ఫోనును మంచం మీదికి విసిరాడు.

"ఆ ఉరుకుందప్పే పట్టుబట్టి విప్పించి సూపించినాడంట. నమ్మినట్టే నమ్మి గొంతు కోసినాడు."

పద్మకు ఆయన మీద కోపం రాలేదు. అన్నం కలుపుతుంటే తన చెయ్యి తనకే అసహ్యమనిపించింది.

ఆమె ఆదోనిలో ఇంటర్ చదువుతోంది. మర్నాడు కాలేజీ వదలగానే యెమ్మిగనూరు బస్సు ఎక్కలేదు. పాత బస్టాండు వెనక సందులోకి పోయింది. అబద్ధం చెప్పానని ఆ కంపెనీ ఆయనకు ఒక్క మాట చెప్పాలి. దారి పొడవునా ఆ మాటే కూడబలుక్కుంది.

ఇంటి ముందు ఒక కారు ఉంది. అన్న కారు లాంటిదే. దాని మీద గుడ్డ పరిచి ఎవరో వడియాలు ఎండబెట్టారు.

తలుపు తీసింది ఆయన భార్య.

"ఉరుకుందప్ప సార్ ఉన్నారా అక్కా?"

"సారా?" ఆమె వింతగా చూసింది. "బెంగళూరు పోయినాడు, లారీ తోలేకి."

"మరి కంపెనీ ఉద్యోగం?"

"ఏ కంపెనీ? ఇన్నాళ్లూ ఈ కారు తోలుకునేటోడు." ఆమె పద్మ వైపు మళ్లీ చూసింది. "నీది యెమ్మిగనూరా?"

పద్మ తలూపింది.

"మగ్గం మీద చెయ్యి పెట్టింది నువ్వేనా?"

పద్మ తల దించుకుంది.

ఆమె గొంతు పెంచలేదు.

"మా ఇంజినూ పట్టేసింది. మేము ఏ ట్యూనింగూ చేయించలే. షోరూమోళ్లు చేయించినావు, వారంటీ లేదు పో అన్నారు. చేయించని కారు ఇంకోటి కూడా ఇట్లనే పట్టేసింది, ఇప్పి సూడండి, ఆ పిల్ల అబద్దం సెప్పదు అని వాళ్లతో కొట్లాడినాడు. ఇప్పి సూసినాక అందరూ నగినారంట."

పద్మ నోరు తెరవబోయింది.

"మా మాట నిజమని సెప్పేకి మాకు ఉన్నింది మీ కారొకటే, పాపా," అని ఆమె మెల్లగా తలుపు మూసింది.